మూరెడు జాగ

మనిషికీ తాటిచెట్టుకీ నడుమ మూరెడు జాగ ఉండాలి. తక్కువైతే కత్తి పట్టిన చెయ్యి ఆడదు. ఎక్కువైతే కాలు నిలవదు. కల్లు గీసే గౌండ్లవాడి బతుకంతా ఆ మూరెడులోనే ఉంది. బుధవారం పొద్దున సిద్దిరాములుకు అందులో జానెడూ నాలుగు వేళ్ళే దొరికింది.

ఇంటి నడిమి గుంజ కూడా తాటిమొద్దే. దాన్నీ తన నడుమునూ కలిపి, చెట్టెక్కే తాడు, మోకు చుట్టుకున్నాడు. ఒక కొసనున్న ముడిని రెండో కొసనున్న ఉంగరంలో దోపాడు. మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలితే మోకు వీపున బిగిసింది. ఊపిరి బిగబట్టి, కడుపు లోపలికి పీల్చి, ఎడమచేత్తో రొమ్ముకూ గుంజకూ మధ్య కొలిచాడు. జానెడు, పైన నాలుగు వేళ్ళు. నిన్నా ఇంతే. మొన్నా ఇంతే.

"థూ, నీ పాడుగాను!" అని తన కడుపును తానే తిట్టుకున్నాడు.

తిట్టుకోడా మరి? ఏడాది కింద ఇదే మనిషిని జమ్మికుంట పత్తి కాంటా మీద సరదాకు కూర్చోబెడితే పల్లా జొన్నలకు, అంటే నూటిరవై సేర్లకు సరితూగాడు. శివరాత్రి ముందర మళ్ళీ కూర్చుంటే ముప్పై సేర్లు తక్కువ తూగాడు. హమాలీలు చప్పట్లు కొట్టారు. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. ముప్పై సేర్ల మాంసం కరిగిన సంగతి మోకుకు మాత్రం తెలిసినట్టు లేదు. మోకు ఇంకా తగ్గమంటోంది. తగ్గడం అయితే అవుతోంది గానీ, అయిన తగ్గుడు ఎటు పోతోందో వాడికి అంతుపట్టడం లేదు.

"ఎంతొచ్చింది?" అంది పొయ్యి దగ్గర జొన్న గట్క తిప్పుతున్న అతని భార్య అనసూర్య, వెనక్కి చూడకుండానే.

"నిన్నటంతే."

"మరి ఇడిసిపెట్టరాదు."

"ఇడిసిపెట్టి? కల్లు మండువల కూసోని తాగినోళ్ళ ముంతలు కడగాల్నా?"

ఆమె పళ్ళెంలో రెండు గరిటెల గట్క వేసింది. అతను ఒక గరిటె వెనక్కి తోశాడు. మజ్జిగ కోసం ఉట్టి మీది కుండ దించబోయి, ముడి ఊడక విసుక్కుని చెయ్యి తీసేశాడు. ఆ ముడి అనసూర్యకు తప్ప ఎవరికీ ఊడదు. తల్లిగారి ఊళ్ళో నేర్చుకొచ్చింది. లాగినకొద్దీ బిగుస్తుంది. ఆమె లేచి వచ్చి, రెండు వేళ్ళతో ఏదో తిప్పి, కుండ దించి, మజ్జిగ పోసి మళ్ళీ కట్టింది. మూడు చుట్లు, కిందినుంచి ఒక దోపు, మీదినుంచి ఒక గుంజు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

ఉట్టి దగ్గరి నుంచి తిరిగి వస్తూ, నేలమీద పడి ఉన్న మోకును చూసి పక్కకు అడుగేసి నడిచింది. ఆడవాళ్ళు మోకు ముట్టగూడదు, దాటగూడదు. ముట్టిన మోకుతో ఎక్కితే కులదేవుడు కాటమయ్య కిందికి తోస్తాడని గౌండ్ల నమ్మకం. పోయిన వానాకాలం అదే కులపు పోశవ్వ, మొగడు ఇంట్లో లేనప్పుడు, తడుస్తోంది గదా అని మోకును చూరు కిందికి జరిపింది. జరపడమే ఆమె చేసిన పాపం. మోకును మానేరు వాగులో పారేశారు. ఆమెను తడిబట్టతో కాటమయ్య రాయి చుట్టూ తిప్పి, కులంలో మగవాళ్ళందరి కాళ్ళకూ మొక్కించారు. సిద్దిరాములు కాళ్ళకు కూడా మొక్కింది. అతను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. పోశవ్వ అప్పటినుంచి బాయికాడికి అందరూ వెళ్ళొచ్చాకే వెళుతోంది.

మోకును పొడుగు చేసుకుంటే పోదా అని మీరడగొచ్చు. నాలుగేళ్ళ కింద ఒళ్ళు రావడం మొదలైనప్పుడు సిద్దిరాములు చేసింది అదే. ముడిని రెండు వేళ్ళు బయటికి జరుపుకున్నాడు. మూడోనాడు చెట్టు నడుమ కాలు జారి, పట్టు దొరక్క, దబ్బున పడ్డాడు. తుంటి విరిగింది. అందుకే ఈసారి కులపెద్ద నాగయ్య తన చేత్తో ముడి వేసి, కొసంతా తోలు చుట్టి ఇచ్చాడు.

"గిది మీ బాపు కొలత," అన్నాడు నాగయ్య. "నీ నడుం మోకుకు రావాలె గని, మోకు నీ నడుంకు రావద్దు. కాటమయ్య పండుగనాడు నా ముంగట మూరెడు జాగ చూపియ్యి, నీ ఏడు చెట్లు నీయి. లేదంటే కొండల్‌కు పోతయ్. నాలుగేండ్ల సంది గీస్తున్నోడు వాడే."

పండుగ ఆదివారం. ఇంకా నాలుగు రోజులు.

సిద్దిరాములు గట్క సగం తిని, పెరట్లోకి పోయి బైఠక్‌లు మొదలుపెట్టాడు. జమ్మికుంట కుస్తీ తాలీంలో ఒక ముసలి పహిల్వాన్ నేర్పాడు. విరిగిన తుంటి నూరు దాటాక కలుక్కుమంటుంది. రెండు వందలు తీశాడు. తరువాత గోనెసంచిలో తడి ఇసుక నింపుకుని భుజాన వేసుకున్నాడు. మానేటి ఇసుకలో, కాలు మడమదాకా దిగబడే చోట, అవతలి ఒడ్డుదాకా పోయి వచ్చాడు. ఊళ్ళో వాళ్ళు మొదట్లో నవ్వారు. తిండి ఉన్న ఇంట్లో మనిషి బక్కపడాలని ఉరకడమేమిటి? ఏదన్నా రోగమో, ఎవడన్నా చేతబడి చేశాడో అన్నారు. ఇప్పుడు నవ్వడం మానేశారు. అతను కల్లు ముట్టి ఏడాది అయింది. గౌండ్లవాడు కల్లు మానడం కన్నా వింత ఇంకేం ఉంటుంది!

ఇసుకసంచి దించకుండానే చెట్ల దగ్గరికి నడిచాడు. రోజూ అటు పోకూడదనుకుంటాడు. రోజూ పోతాడు.

కొండల్ చెట్టుమీద ఉన్నాడు. సిద్దిరాములు చిన్నాయన కొడుకు. ఇరవై ఆరేళ్ళుంటాయి. వాడి కడుపు వెన్నుకు అంటుకుని ఉంటుంది. ఎంత తిన్నా అంతే, ఎంత తాగినా అంతే. కాళ్ళకు వేసే తాడు గుజిలో పాదాలు జోడించి, మోకును మొదలుకు కొట్టి పైకి జార్చి, నడుము ఎత్తి, మళ్ళీ కొట్టి, ఊపిరి మార్చకుండా ఎక్కేస్తాడు. పైన కొమ్మల్లో కూర్చుని గెల కొసను కత్తితో కాగితమంత పల్చగా గీస్తున్నాడు. ఆ గీత చప్పుడు కిందికి వినిపిస్తోంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా సిద్దిరాములు కుడి మణికట్టు దానంతట అదే తిరుగుతుంది. ఆ చెట్టు తనది. ఆ గెల గీయాల్సిన చెయ్యి తనది. పైన కూర్చుని గాలి తింటున్నది మాత్రం వాడు.

కింద అనసూర్య నిలబడి ఉంది. కొండల్ తాడుతో దించిన కల్లు లొట్టిని అందుకుని, ఖాళీది కట్టి పంపింది. వాడు దిగి వచ్చాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. అనసూర్య చేతులు తిప్పుతూ బతిమాలుతున్నట్టుంది. కొండల్ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇసుక మీద అడుగుల చప్పుడు విని ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

"ఏందో ముచ్చట జోరుగ నడుస్తుంది?" అన్నాడు సిద్దిరాములు.

"ఏం లేదు. లొట్టి నెర్రెపట్టిందంటున్న," అంది అనసూర్య.

లొట్టికి ఏమీ కాలేదు. అతను చూశాడు.

"అన్నా, జర మెల్లగ ఉరుకు. మోకాళ్ళు పోతయ్," అన్నాడు కొండల్, కత్తిని నడుముకు దోపుకుంటూ. వాడి కడుపు మీద చెమట చుక్క ఒకటి ఎక్కడా ఆగకుండా తిన్నగా బొడ్డులోకి దిగింది. సిద్దిరాములు ఆ చుక్కను చూశాడు. వాడంటే అసహ్యం వేసింది. వాడి కడుపంటే అసహ్యం వేసింది. ఆ కడుపు తనకు లేదని ఏడుపొచ్చింది.

"నా మోకాళ్ళ ఫికర్ నీకెందుకురా? చెట్ల ఫికర్ చేసుకో. ఆదివారం దాకనే గద," అన్నాడు.

కొండల్ ముఖం తిప్పుకుని రెండో చెట్టు వైపు పోయాడు. అనసూర్య లొట్టి చంకనెత్తుకుని ముందు నడిచింది. ఆమె నడకలో కొత్తగా ఏదో ఉందని అతనికి అనిపించింది. ఏమీ లేదు, ఎప్పటి నడకే. కడుపులో మండుతున్నవాడికి అన్నీ కొత్తగానే కనిపిస్తాయి.

గురువారం మూడు వందల బైఠక్‌లు తీశాడు. గట్క మానేసి అంబలి తాగాడు. సాయంత్రం గుంజకు వాలి కొలిచాడు. జానెడూ నాలుగు వేళ్ళు. శుక్రవారం పొద్దున పొయ్యి ముందర ముప్పావుగంట గొంగడి కప్పుకుని కూర్చుని చెమట కార్చాడు. కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. అనసూర్య చెంబుతో నీళ్ళు తెస్తే తోసేశాడు.

"సచ్చిపోతవ్!" అని అరిచింది ఆమె.

"సస్తే మంచిదే గద. చెట్లు పొయినంక ఉండి ఏం జేస్త? నీకేం, నీ మరిది ఉండె!"

అనకూడని మాట అనేశాడు. ఆమె చెంబు కింద పెట్టింది. ముఖం నల్లబడింది. చాట తీసుకుని బియ్యం చెరగడానికి కూర్చుంది. 

శుక్రవారమే కొండల్ వచ్చాడు, ఆముదం గిన్నె పట్టుకుని. మోకు ఎండిపోకుండా వారం వారం ఆముదం పట్టాలి. చెట్టెక్కుతున్న చెయ్యే పట్టాలన్నది రివాజు. కాబట్టి సిద్దిరాములు తన తండ్రి మోకుకు, తన ఇంటి అరుగు మీద, తన కళ్ళముందర, కొండల్ చేత పట్టించుకోవాలి. అంతకన్నా చేదు ఏముంది?

కొండల్ గొంతుకూర్చుని మోకును ఒళ్ళో పెట్టుకుని, అరచేత్తో నూనె రాస్తూ పోయాడు. కొసన తోలు చుట్టిన చోట వాడి బొటనవేలు ఆగింది. ఇంకోసారి తడిమింది. తోలు కొంచెం ఉబ్బినట్టుంది. అది సిద్దిరాములు కూడా చూశాడు. ఆముదం తాగి ఉబ్బి ఉంటుందనుకున్నాడు. కొండల్ తల ఎత్తి, లోపల బియ్యం చెరుగుతున్న అనసూర్య వైపు చూశాడు. ఆమె చాట ఆగింది. వాళ్ళిద్దరి చూపులూ కలిసి విడిపోయాయి. ఎంతసేపని? రెప్పపాటు కూడా లేదు. కానీ సిద్దిరాములు గుండెలో రాయి పడింది.

"అయిపాయె అన్నా," అని కొండల్ మోకు కొయ్యకు తగిలించి, మంచినీళ్ళు కూడా అడగకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున గౌండ్లవాళ్ళందరూ మానేట్లో తలస్నానం చేసి, తమ తమ మోకులూ కత్తులూ కాటమయ్య రాయి ముందు పెట్టాలి. సిద్దిరాములు మోకును నాగయ్య మనవడు ముందే తీసుకుపోయాడు. పొద్దున కొలుచుకుంటే మళ్ళీ అదే జానెడూ నాలుగు వేళ్ళు. అందుకే నీళ్ళలోకి దిగుతున్నప్పుడు అతని మనసు అప్పటికే ఓడిపోయి ఉంది. అందరి ముందూ కడుపు పీల్చుకుని నిలబడాలి. కొండల్ చూస్తాడు. తనను చూసి జాలిపడతాడు కూడా. ఆ జాలి తలుచుకుంటే ఒళ్ళు భగభగ మండింది.

నడుము లోతు నీళ్ళలో మునిగి లేచేసరికి మొలతాడు జారి తొడల మీదికి వచ్చింది.

పైకి లాక్కున్నాడు. మళ్ళీ జారింది. చేత్తో పట్టుకు చూశాడు. ఇది దసరానాడు కొత్తగా కట్టుకున్నది. సంకురాత్రికి ఒకసారి, శివరాత్రికి ఇంకోసారి బిగించి కట్టుకున్నాడు. మిగిలిన కొస జానెడుకు పైగా వేలాడుతోంది. ఇప్పుడు మళ్ళీ నాలుగు వేళ్ళు పట్టేంత వదులు. ఆ నల్లదారాన్ని చూస్తూ నీళ్ళలోనే నిలబడిపోయాడు. నడుము తగ్గింది. ఈ నెలలోనే తగ్గింది. మొలతాడు చెబుతోంది గదా! మరి నెల రోజులుగా మోకు ఒక్క వేలు కూడా ఎందుకు వదులు కాలేదు?

ఇన్నాళ్ళూ అతను మోకును అనుమానించలేదు. కడుపును తిట్టుకున్నాడు, తిండిని తిట్టుకున్నాడు, పుట్టుకను తిట్టుకున్నాడు. తండ్రి మోకు మోసం చేస్తుందని ఎవరికి తోస్తుంది?

మోకు ముట్టింది ఇద్దరే. తను, కొండల్.

తడి ధోవతితో, బొట్టు కూడా పెట్టుకోకుండా, కాటమయ్య రాయి దగ్గరికి ఉరికాడు. ముప్పై మంది దాకా ఉన్నారు. డప్పు మోగుతోంది. రాయి ముందు మోకులు వరసగా చుట్టి పెట్టి ఉన్నాయి. కొండల్ కొబ్బరికాయ పీచు తీస్తున్నాడు.

"నాగయ్య పెద్దబాపూ!" అని అరిచాడు సిద్దిరాములు. "నా మోకు కురచ చేసిన్రు! గీ లంగ గాడే చేసిండు! ఆముదం పెడ్త అనుకుంట ముడి లోపలికి గుంజిండు! నేను నెలదినాల సంది సస్తున్న. గీడు నవ్వుకుంటుండు!"

డప్పు ఆగింది. నాగయ్య లేచాడు. ముసలివాడు, కళ్ళు చిన్నవి, తొందరపడే మనిషి కాదు.

"ఒర్రకు. దేవుని కాడున్నం," అన్నాడు. "కొండలూ, ఏమంటవ్?"

కొండల్ కొబ్బరికాయ కింద పెట్టాడు. 

"నోరు ఇప్పురా! చేసినవా, చెయ్యలేదా?" అన్నాడు నాగయ్య మళ్ళీ.

కొండల్ నేల చూపులు చూశాడు. ఇంత మాట పడి ఊరుకునే మనిషి కాడు వాడు. ఒకసారి ఆబ్కారి జవానునే చెంప పగలగొట్టిన చెయ్యి అది. ఊరుకున్నాడంటే దొంగ అన్నమాటే అనుకున్నాడు సిద్దిరాములు. ఎంత సంబరపడ్డాడో చెప్పలేం.

నాగయ్య మోకును ఒళ్ళోకి తీసుకుని తోలు కుట్టును కత్తి మొనతో తెంపాడు. చుట్టు విప్పాడు. లోపల జానెడూ నాలుగు వేళ్ళ మోకు మడతపెట్టి కుక్కి ఉంది. అసలు ముడి ఉన్న చోట నారలు నలిగి తెల్లగా గుర్తు కనిపిస్తోంది. ఆ గుర్తుదాకా మోకు సాగితే మూరెడు జాగ వచ్చేది. అక్కడున్న ఏ గౌండ్లవాడికైనా చూపుతోనే తెలిసిపోయింది. సిద్దిరాములుకు అందరికన్నా ముందే తెలిసింది. గెలిచాడు! ఎప్పుడో గెలిచాడు, తెలియలేదంతే.

"గిది నా ముడి కాదు," అన్నాడు నాగయ్య, కొత్త ముడిని పైకెత్తి తిప్పుతూ. "గౌండ్లోళ్ళ ముడి కూడ కాదు. లాగితే ఇంకింత బిగుస్తుంది. ఎవరిదిర గిది?"

సిద్దిరాములు ముడిని చూశాడు.

మూడు చుట్లు. కిందినుంచి దోపు. మీదినుంచి గుంజు.

ఎండలో నిలబడ్డ మనిషికి ఒళ్ళంతా చల్లబడింది. తడిబట్టతో రాయి చుట్టూ తిరిగిన పోశవ్వ కళ్ళముందు కదిలింది. ఆమె తన కాళ్ళ దగ్గర వంగినప్పుడు జుట్టులోంచి నీళ్ళు తన పాదాల మీద పడ్డాయి. ఆ రోజు అనసూర్య కూడా దూరంగా ఆడవాళ్ళలో నిలబడి చూసింది. తెలిసి తెలిసీ ఈ పని చేసింది.

"నాదే," అన్నాడు కొండల్.

అందరూ వాడివైపు తిరిగారు.

"నేనే ఏసిన. అన్న చెప్పింది నిజమే. చెట్లు పోతయని భయమై ఏసిన. ఏం శిక్ష ఏస్తరో ఏసుకోన్రి."

అప్పుడర్థమైంది సిద్దిరాములుకు. శుక్రవారం బొటనవేలు ఎందుకు ఆగిందో, ఆ చూపు ఏమిటో. వాడికి తెలుసు. తెలిసి, ఆమె కోసం మీద వేసుకుంటున్నాడు. ఇక బతికినంతకాలం అనసూర్య ఆ మేలు తలుచుకుంటుంది. గట్క తిప్పుతున్నప్పుడు తలుచుకుంటుంది, లొట్టి అందుకున్నప్పుడు తలుచుకుంటుంది. నా పెండ్లాన్ని కాపాడడానికి వీడెవడు? చెట్లు తీసుకున్నది చాలదా? ఆ మంట ముందు నాలుగేళ్ళ ఏడుపంతా ఎందుకూ చాలలేదు.

"అబద్ధం!" అన్నాడు. "గది నాది. నేనే ఏసుకున్న."

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు నాగయ్య. "గిప్పుడే గద వాన్ని దొంగంటివి!"

"యాది మర్శిన. నడుం ఇంకింత తగ్గాల్నని నేనే లోపలికి కట్టుకున్న. కురచ మోకు ఉంటే పట్టుదల పెరుగుతదని... పొయ్యి కాడ చెమట దీసి తీసి తల తిరుగుతుంది పెద్దబాపు. యాదికి లేకపాయె."

కొందరు కిసుక్కున నవ్వారు. నాగయ్య నవ్వలేదు. చిన్న కళ్ళతో ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మోకు కొసను ముందుకు చాచాడు.

"ఇద్దరు నాదే అంటున్రు. ఏసి చూపిన్రి. ఎవనికొస్తే వానిది. ఎవనికీ రాకపోతే నాకు ఇంకో మాట అడిగేది ఉన్నది."

ఆ ఇంకో మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ముందు కొండల్ తీసుకున్నాడు. రెండు చుట్లు తిప్పాడు, ఆగాడు, కిందినుంచి దోపబోయి పైనుంచి దోపాడు. లాగితే ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది. అంత చెట్టును అరక్షణంలో ఎక్కే వేళ్ళు మోకు కొసతో తడబడ్డాయి.

సిద్దిరాములు మోకు అందుకున్నాడు. ఆ ముడి అతను జన్మలో వేయలేదు. ఒక్కనాడూ విప్పలేకపోయాడు కూడా. కళ్ళు మూసుకున్నాడు. వేలాడే ఉట్టి, ఉట్టి మీద ఆమె చేతులు, ఎడమచేతి చిటికెనవేలు కొంచెం వంకర, గాజులు మోచేతి వైపు జారడం. పదిహేనేళ్ళుగా రోజుకు రెండుసార్లు చూశాడు. చూస్తున్నానని తెలియకుండా చూశాడు. మూడు చుట్లు తిప్పాడు. కిందినుంచి దోపాడు. మీదినుంచి గుంజాడు.

ముడి పడింది. నాగయ్య బలమంతా పెట్టి లాగాడు. ఇంకా బిగిసింది.

ఆ క్షణంలో సిద్దిరాములు కొండల్ వైపు చూసిన చూపు చూడాలి! నాలుగేళ్ళలో మొదటిసారి వాడిమీద గెలిచాడు. గెలిచి, ఉన్నదంతా పోగొట్టుకున్నాడు.

"సరే," అన్నాడు నాగయ్య నెమ్మదిగా. "నేనేసిన ముడి ఇప్పినోనికి చెట్లు లేవు. ఏడు చెట్లు కొండల్‌వి. తమ్మున్ని వట్టిగ తిట్టినందుకు ఇప్పుడే వాని కాళ్ళు ముట్టు."

సిద్దిరాములు వంగాడు. కొండల్ రెండు కాళ్ళూ వెనక్కి తీసుకున్నాడు. ఎంత వంగినా కడుపు అడ్డం రాలేదు.

ఇంటికి వచ్చేసరికి అనసూర్య గడప మీద కూర్చుని ఉంది. సంగతి అప్పటికే ఎవరో చెప్పారు. ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. అతను మోకును ఆమె ముందు పడేశాడు.

"ముట్టుకో. నీ చెయ్యి అలవాటైనదే గద."

ఆమె కదల్లేదు.

"ఎన్నిసార్లు ఇప్పినవే?"

"నువ్వు మానేటికి పొయినప్పుడల్ల తోలు ఇప్పి, మళ్ళ కుట్టిన. వారానికి రెండు పార్లు." గొంతు పొడిగా ఉంది. "నువ్వు రెండు వేళ్ళు తగ్గితే నేను నాలుగు వేళ్ళు గుంజిన."

"ఎందుకు?"

"ఎందుకా?" ఆమె తల ఎత్తింది. "నువ్వు పడ్డనాడు నేను కిందనే ఉన్న. లొట్టి పట్టుకోని పైకి చూస్తున్న. నీకు యాదికి లేదు, నువ్వు మూర్ఛపోతివి. గా సప్పుడు నాకు ఇంకా ఇనిపిస్తది. బియ్యం దంచినా ఇనిపిస్తది. నాలుగు నెలలు నీ పియ్యి ఎత్తిపోసిన, అది కష్టమనలే. మళ్ళ గా సప్పుడు ఇనలేను. అంతే."

"చెప్పొద్దా మరి?"

"ఇంటవా? నాతోని నువ్వు మాట్లాడి ఎన్ని దినాలాయె? పొద్దుగాల లేస్తే గా మోకును నడుంకు చుట్టుకుంటివి. తిన్నవా, పన్నవా అని గీ ఇంట్ల నన్ను అడిగినోడున్నడా? నీకు కొండల్ మీద కుళ్ళు. నాకు గా తాటిచెట్ల మీద. కోపం పట్టలేక ఒకనాడు చెట్టును చెప్పుతోని కొట్టి వచ్చిన."

అతనికి నవ్వొచ్చినట్టయింది. ఆపుకున్నాడు. అడగాల్సింది ఇంకా ఒకటి ఉంది.

"వానితోని ఏం గుసగుసలు?"

"నిన్ను చెట్టెక్కొద్దనుమని వాన్ని బతిలాడిన. 'నా నోటితోని అన వదినె, అన్న ఎక్కితే నేను దిగుత' అన్నడు. ఎన్నిసార్లు అడిగినా గదే మాట."

సిద్దిరాములు గుంజకు ఆనుకుని కూలబడ్డాడు. ఏడు చెట్లు, ఏడాది ఉపవాసం, ముప్పై సేర్ల ఒళ్ళు. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు. అనసూర్య వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపటికి అతను లేవబోతే మొలతాడు మళ్ళీ జారింది. ఆమె చూసింది. దగ్గరికి లాక్కుని, మిగులు కొసను తిప్పి, బిగించి ముడి వేసింది.

సోమవారం పొద్దున వీధిలోంచి కొండల్ పిలిచాడు, "వదినె, లొట్లు!" అని. చెట్లు తనవైనా ఎప్పటిలాగే పిలిచాడు గానీ, గొంతులో బెరుకుంది.

అనసూర్య లేవబోయింది. సిద్దిరాములు అంతకన్నా ముందే లేచి నాలుగు లొట్లూ మెడకు వేసుకున్నాడు.

"నువ్వు కూసో. ఇగ లొట్లు నేనే తీస్కపోత," అన్నాడు.

"ఎందుకు? కుళ్ళు ఇంకా పోలేదా?"

"పోలే," అన్నాడు. అబద్ధం ఆడే ఓపిక లేదు.

చెట్టు కింద నిలబడి తల ఎత్తి చూశాడు. కొండల్ మోకు కొట్టి జార్చి, కొట్టి జార్చి, కొమ్మల్లోకి పోయాడు. గెల గీస్తున్న చప్పుడు మొదలైంది. సిద్దిరాములు మణికట్టు దానంతట అదే తిరిగింది. నడుము దగ్గర ఒత్తుకుంటుంటే మొలతాడు కొంచెం వదులు చేసుకుందామని వేలు దోపి లాగాడు. ముడి ఇంకాస్త బిగిసింది.

"అన్నా, లొట్టి దించుతున్న, పట్టుకో!" అని పైనుంచి కేక వినిపించింది.

రెండు చేతులూ చాచాడు.